పుట్టుక కాగితం ఎవరి పూచీ?

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో నలభై యాభై ఏళ్లు దాటినవాళ్ల పదో తరగతి మెమోలు చూస్తే, చాలామంది పుట్టినరోజులు జూన్‌లోనో జూలైలోనో ఉంటాయి. ఆ నెలల్లో కాన్పులు ఎక్కువని కాదు, బడులు తెరిచేది అప్పుడు. పిల్లవాణ్ని చేర్పించడానికి వచ్చిన తల్లి "పీర్ల పండుగకు ముందు పుట్టిండు సారూ, చెరువు తెగిన ఏడు" అంటే, హెడ్‌మాస్టరు ఐదేళ్లు వెనక్కి లెక్కపెట్టి ఒక తేదీ రాసేవాడు. కొలువు, ప్రమోషను, రిటైర్మెంటు, పింఛను అన్నీ ఆ తర్వాత ఆ తేదీ మీదే నడిచాయి. దానివల్ల ఒకటి రెండేళ్లు నష్టపోయినవారూ ఉన్నారు. అయినా కాగితం లేదని ఆ ఊరి బడి పిల్లలను వెనక్కి పంపలేదు.

ఆ వెసులుబాటు ఇప్పుడు పుట్టే పిల్లలకు లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టాన్ని పార్లమెంటు 2023లో సవరించింది. ఆ సవరణ అదే ఏడాది అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. ఆ రోజున గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవారికి పుట్టిన తేదీ, పుట్టిన చోటు రుజువు చేసేది జనన ధ్రువపత్రం ఒక్కటే. బడిలో చేరాలన్నా, ఆధార్ తీసుకోవాలన్నా, ఓటరు జాబితాలో పేరు ఎక్కాలన్నా, డ్రైవింగ్ లైసెన్సుకైనా, పెళ్లి నమోదుకైనా, సర్కారు కొలువుకైనా అదే చూపాలి. 2025లో పాస్‌పోర్టు నిబంధనలు కూడా ఇదే దారికి వచ్చాయి. అంతకుముందు పుట్టినవారికి పదో తరగతి మెమో, టీసీ, పాన్ కార్డు వంటి ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. ఈ పిల్లలకు అవేవీ లేవు.

అందుకే పుట్టుక కాగితం ఎవరి పూచీ అన్న ప్రశ్నను మొత్తంగా ఒకసారి తిరగేసి చూడాల్సిన సమయం ఇది. దేశవ్యాప్తంగా లెక్కలు బాగుపడ్డాయి. కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో జననం నమోదైనవారు 2005-06లో నూటికి 41 మంది. 2015-16 నాటికి వారు సుమారు 80 మంది, 2019-21 నాటికి 89 మంది అయ్యారు. మన తెలంగాణలో ఆ చివరి సర్వే నాటికే నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లో జరుగుతున్నాయి. 2017లో మొదలైన కేసీఆర్ కిట్ పథకం పేదింటి గర్భిణులను సర్కారు దవాఖానాల వైపు నడిపించింది. ఆసుపత్రిలో కాన్పు అయితే నమోదు చేయించే బాధ్యత ఆసుపత్రిదే. కాబట్టి 'పల్లెజనానికి అవగాహన లేదు, అందుకే నమోదు చేయించుకోరు' అనే పాత మాట ఇప్పుడు చెల్లదు. మిగిలిపోయినవాళ్లు ఎవరో, ఎందుకు మిగిలిపోయారో చూస్తే తప్పు వాళ్లది కాదని తెలుస్తుంది. వాళ్లు ఒకచోట నిలిచి ఉండే జనం కారు. మన నమోదు వ్యవస్థ మాత్రం ఒకచోట నిలిచి ఉండేవారి కోసమే తయారైంది.

ఆత్మకూర్‌నే తీసుకుందాం. ఒకప్పుడు అమరచింత సంస్థానానికి ఇదే ముఖ్యపట్టణం. 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, తర్వాత వనపర్తి జిల్లాలోకి వచ్చింది. 2018లో పంచాయతీ పోయి మున్సిపాలిటీ అయింది. ఈ మార్పులు పాలనకు మంచివే కావచ్చు. పుట్టుక కాగితం కోసం తిరిగేవాడికి మాత్రం ప్రతి మార్పూ కొత్త చిక్కే. 2010లో ఆత్మకూర్‌లో పుట్టిన పిల్ల వివరాలు గ్రామ పంచాయతీ రిజిస్టరులో ఉంటాయి, కాగితం మీద జిల్లా మహబూబ్‌నగర్ అని ఉంటుంది. ఇవాళ ఆమె నివాస ధ్రువపత్రం వనపర్తి జిల్లా అంటుంది. రెండూ నిజమే అయినా కౌంటర్ వెనక కూర్చున్న మనిషి రెండూ కలవలేదంటాడు. దీనికితోడు తెలంగాణలోనే ఆత్మకూర్ పేరుతో మండలాలు నాలుగున్నాయి. వనపర్తిలో ఇది, సూర్యాపేట జిల్లాలో ఆత్మకూర్ (ఎస్), యాదాద్రి భువనగిరిలో ఆత్మకూర్ (ఎం), హనుమకొండ జిల్లాలో మరొకటి. ఆన్‌లైన్ దరఖాస్తులో ఒక వరుస కింద నొక్కితే బిడ్డ వేరే జిల్లాలో పుట్టినట్టు అచ్చవుతుంది. దాన్ని దిద్దించుకోవడానికి చట్టంలో 15వ సెక్షను ఉంది. కానీ దిద్దించుకునేవాడికి ఎన్ని రోజుల కూలి పోతుందో ఆ సెక్షనులో ఉండదు.

రిజిస్టరు చేతులు మారిన చరిత్ర ఇంకా పాతది. నిజాం కాలంలోనూ, ఆ తర్వాతా చాలాకాలం ఊళ్లో పుట్టుకలు, చావులు రాసేది పోలీసు పటేల్. 1984లో వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థ రద్దయింది. తర్వాత గ్రామ సహాయకులు, వీఆర్వోలు, పంచాయతీ కార్యదర్శులు అంటూ వ్యవస్థ మారుతూ వచ్చింది. 2020లో వీఆర్వోల వ్యవస్థ కూడా పోయింది. చేతులు మారిన ప్రతిసారీ కొన్ని పుస్తకాలు కొత్త ఆఫీసుకు చేరాయి, కొన్ని పాత ఇంటి అటకమీదే ఉండిపోయాయి, కొన్ని చెదల పాలయ్యాయి. ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు కేసీఆర్ 2020 మార్చిలో శాసనసభలోనే చెప్పారు, తనకే జనన ధ్రువపత్రం లేదని. తాను ఊళ్లో ఇంట్లోనే పుట్టానని, తనకే లేనప్పుడు పేదలు, దళితులు, ఆదివాసులు ఎక్కడి నుంచి తెస్తారని అడిగారు. భూములున్న కుటుంబంలో పుట్టి ముఖ్యమంత్రి అయిన మనిషి మాట అది. భూమి లేని కుటుంబం సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

వలసలో పుట్టిన బిడ్డ

పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు, ముంబై, పుణే, హైదరాబాద్ మేడలు లేపారు. పాలమూరు పల్లెల నుంచి ముంబైకి నేరుగా ఆర్టీసీ బస్సులు నడిచేంతటి వలస ఇది. జూరాల, భీమా, నెట్టెంపాడు, కల్వకుర్తి ప్రాజెక్టుల నీళ్లు వచ్చాక వలస కొంత తగ్గింది, ఆగిపోలేదు. భార్యాభర్తలిద్దరూ గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పోతే, కాన్పు అక్కడే అవుతుంది. ఒక్కోసారి కార్పొరేషన్ ఆసుపత్రిలో, ఒక్కోసారి పని జాగాలో రేకుల షెడ్డులో.

చట్టం ఏమంటుందంటే, జననం ఎక్కడ జరిగితే అక్కడి రిజిస్ట్రారే నమోదు చేయాలి, తల్లిదండ్రుల సొంతూరుతో పని లేదు. ఇది సబబైన నియమమే. పుట్టిన చోటు అబద్ధం కాకూడదు కదా. ఆసుపత్రిలో పుడితే వైద్యాధికారి, ఇంట్లో పుడితే ఇంటి పెద్ద, జైల్లో పుడితే జైలరు, హాస్టల్లోనో సత్రంలోనో పుడితే దాని నిర్వాహకుడు సమాచారం ఇవ్వాలి. కదిలే బండిలో పుడితే బండి మొదట ఆగిన చోటు పుట్టిన చోటవుతుంది. 108 అంబులెన్సుల్లో కాన్పులు జరిగే రోజుల్లో ఈ నియమం చాలామందికి అవసరమే. ఇన్ని ఆలోచించిన చట్టంలో బిల్డింగ్ సైటు మాత్రం విడిగా కనపడదు. షెడ్డుకు ఇంటి పెద్ద ఎవరు? మేస్త్రీయా, కాంట్రాక్టరా, బిల్డరా? బిల్లులు పెట్టుకునేటప్పుడు ముగ్గురూ ఉంటారు, బిడ్డ పుట్టినప్పుడు ఒక్కరూ ఉండరు.

ఇరవై ఒక్క రోజుల్లో సమాచారం ఇస్తే రుసుము లేదు. ముప్పై రోజుల్లోపు కొద్దిపాటి ఆలస్య రుసుముతో సరిపోతుంది. ముప్పై రోజుల నుంచి ఏడాది దాకా అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉండాలి, అదీ బిడ్డ పుట్టిన ప్రాంతం మీద అధికారం ఉన్న మేజిస్ట్రేటు ఇవ్వాలి. మహారాష్ట్రలోని భివండీలో పుట్టిన బిడ్డకు రెండేళ్లు వచ్చాక తల్లి ఆత్మకూర్ తిరిగొచ్చి అంగన్‌వాడీకి పోతే, ఆమెకు ఇక్కడ ఎవరూ కాగితం ఇవ్వలేరు. భివండీకే పోవాలి. పోతే పాత షెడ్డు ఉండదు, మేస్త్రీ ఫోను మారి ఉంటుంది, సాక్ష్యం చెప్పేవాడు దొరకడు. అప్పుడు ఆమెకు 'పుట్టింది ఇక్కడే, ఇంట్లోనే కాన్పు అయింది' అని అబద్ధపు అఫిడవిట్ పెట్టడమొక్కటే దారిగా కనిపిస్తుంది. తప్పుడు సమాచారం ఇవ్వడం చట్టరీత్యా నేరం. నిజం చెప్పిన మనిషికి దారి లేకుండా చేసి, అబద్ధం చెప్పినందుకు శిక్షించే ఏర్పాటు న్యాయం కాదు.

ఇదే కథ తిరగేసి మన గడ్డ మీదా జరుగుతోంది. ఒడిశాలోని బొలంగీర్, నువాపడా జిల్లాల నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల పిల్లలు ఇక్కడ పుడతారు. వాళ్ల కాగితం మన పంచాయతీ కార్యదర్శి బాధ్యత. మహారాష్ట్రలో మన బిడ్డ విషయంలో మనం ఏం కోరుతున్నామో, ఇక్కడ వాళ్ల బిడ్డకు మనం అది చేయాలి.

ఊరు దాటని కుటుంబాల్లో కూడా ఒక వలస ఉంది. తొలిచూలు కాన్పు తల్లిగారింట్లో కావడం మన ఆచారం. మక్తల్ కోడలు ఆత్మకూర్‌లో పుట్టింటికి వస్తే, బిడ్డ నమోదు ఇక్కడ అవుతుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డా అత్తగారింటికి పోతారు. ఐదేళ్ల తర్వాత తండ్రి తన ఊరి పంచాయతీలో వెతికిస్తే పేరు ఉండదు. 'లేదు' అని రాయించుకుని మళ్లీ ఆలస్య నమోదుకు పెడతాడు. అప్పుడు ఒకే బిడ్డకు రెండు నమోదులు, రెండు ఊళ్లు, ఒక్కోసారి రెండు తేదీలు. ఈ గందరగోళం పోవాలంటే పెద్ద సంస్కరణ అక్కర్లేదు. దరఖాస్తు తీసుకునేవాడు ముందు 'కాన్పు ఎక్కడయింది, తల్లిగారిది ఏ ఊరు?' అని అడగాలి, అంతే.

అడవిలో, తండాలో, ఊరి చివర

2011 జనగణన ప్రకారం తెలంగాణలో చెంచులు సుమారు 17 వేల మంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల, లింగాల మండలం అప్పాపూర్ వంటి పెంటల్లో (చెంచు గూడేల్లో) ఉన్నవారికి ఆసుపత్రి దూరం, రోడ్డు కష్టం. కాన్పు ఇప్పటికీ గుడిసెలో జరిగే సందర్భాలున్నాయి. ఇంటి కాన్పు అంటే సమాచారం ఇవ్వాల్సింది ఇంటి పెద్ద. అతనికి పంచాయతీ ఆఫీసు చేరడమే ఒక రోజు పని. ఇలాంటి చోట్ల చట్టం పదో సెక్షను కింద మంత్రసానికీ, ఆరోగ్య కార్యకర్తకూ కూడా సమాచారమిచ్చే బాధ్యత పెట్టింది. తల్లి గర్భం దాల్చినప్పటి నుంచే ఆశా కార్యకర్త పేరు రాసుకుంటోంది, మాతాశిశు రక్షణ కార్డు ఇస్తోంది, టీకాల తేదీలు లెక్కపెడుతోంది. ఆమె దగ్గరున్న సమాచారం పంచాయతీ రిజిస్టరుకు దానంతట అది చేరదు, అదే లోపం. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ శిబిరాల్లో చెంచులకు ఆధార్, బ్యాంకు ఖాతాల వంటివి ఇప్పించే ప్రయత్నం జరిగింది. ఆధార్ ఇచ్చే శిబిరంలోనే జనన నమోదు అధికారి కూడా కూర్చుంటే ఒకే ప్రయాణంలో రెండు పనులవుతాయి.

నల్లగొండ జిల్లా దేవరకొండ, చందంపేట తండాల కథ వేరు, బాధ ఎక్కువ. 1999లోనూ 2001లోనూ ఈ ప్రాంతపు లంబాడా ఆడశిశువుల అమ్మకాలు, హైదరాబాద్ దత్తత కేంద్రాల వ్యవహారం రాష్ట్రాన్ని కుదిపేశాయి. నమోదు కాని పుట్టుక ఉన్నచోట బిడ్డను మాయం చేయడం తేలిక. కాగితంలో లేని పిల్లను ఎక్కడికి తీసుకుపోయారని అడగడానికి ఆధారం ఉండదు. సామాజిక కార్యకర్త రుక్మిణీరావు నడిపిన గ్రామ్య వంటి సంస్థలు ఈ తండాల్లోనే ఏళ్ల తరబడి ఆడపిల్లల మనుగడ కోసం పనిచేశాయి. పుట్టుక నమోదు అంటే పథకాలకు అర్హత అని మాత్రమే చూస్తాం. అది పిల్లకు కాపలా కూడా. కొత్త పంచాయతీరాజ్ చట్టం తర్వాత 2018లో ఎన్నో తండాలు సొంత పంచాయతీలయ్యాయి. కార్యదర్శి తండాకే వస్తున్నాడు. ఈ మేలు నిజమైనదే, దీన్ని తక్కువ చేసి చెప్పకూడదు.

ఇటువైపు మక్తల్, ఊట్కూరు, నారాయణపేట ప్రాంతంలో జోగినుల పిల్లలున్నారు. జోగినీ వ్యవస్థను 1988లోనే చట్టం నిషేధించింది. పిల్లల ఫారాలలో తండ్రి పేరు గడి మాత్రం అలాగే ఉంది. ఆ గడి ఖాళీగా ఉంటే దరఖాస్తు తీసుకోని గుమాస్తా, తల్లిని నలుగురిలో అవమానపరిచే ప్రశ్నలు, చివరకు ఎవరో మేనమామ పేరో దేవుడి పేరో రాయించడం. దీనికి సుప్రీంకోర్టు 2015 జూలైలోనే స్పష్టమైన సమాధానం ఇచ్చింది. ఒంటరి తల్లి గానీ పెళ్లికాని తల్లి గానీ బిడ్డ జనన ధ్రువపత్రం అడిగితే ఆమె అఫిడవిట్ మీద ఇవ్వాల్సిందే, తండ్రి పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. 2023 సవరణ కూడా ఒంటరి తల్లి, దత్తత బిడ్డ, అనాథ, వదిలేసిన శిశువు అని విడివిడిగా పేర్కొంది. ఈ తీర్పు ప్రతి మీసేవ కేంద్రం గోడ మీదా, ప్రతి పంచాయతీ ఆఫీసులోనూ తెలుగులో అంటించి ఉండాలి.

బుడగ జంగాలు, పూసలవాళ్లు, గంగిరెద్దులవాళ్లు వంటి సంచార కుటుంబాల సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. పుట్టుక కాగితం లేకపోతే స్థానికత తేలదు, స్థానికత తేలకపోతే కుల ధ్రువపత్రం కష్టం, అది లేకపోతే హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్పు రావు. ఒక కాగితం లేకపోవడం ఇంకో మూడు కాగితాలు లేకుండా చేస్తుంది.

ఏడాది దాటితే

ఆలస్య నమోదు ఎలా జరుగుతుందో దగ్గరగా చూద్దాం. ఆత్మకూర్ మండలంలో ఒక పల్లె. పిల్లకు తొమ్మిదేళ్లు, ఇంట్లో పుట్టింది, నమోదు కాలేదు. ముందు పంచాయతీ నుంచి 'మా రిజిస్టరులో లేదు' అని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తేవాలి. పదో నంబరు ఫారం అది. తర్వాత నోటరీ దగ్గర అఫిడవిట్. రేషన్ కార్డు, ఆధార్‌లు, బడి నుంచి బోనఫైడ్, తెలిసిన ఇద్దరి సాక్ష్యం. ఇవన్నీ పట్టుకుని మీసేవలో దరఖాస్తు. అది తహసీల్దారుకు పోతుంది. గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) ఊరికొచ్చి విచారించాలి. ఆ నివేదిక వనపర్తిలో ఆర్డీఓ కార్యాలయానికి. ఆర్డీఓ ఉత్తర్వు ఇస్తే దాన్ని మళ్లీ పంచాయతీకి తెచ్చి రిజిస్టరులో రాయించి, మళ్లీ మీసేవలో కాగితం తీసుకోవాలి. సర్కారు తీసుకునే రుసుము పెద్దదేం కాదు. ప్రతి మెట్టుకూ ఒక రోజు కూలి, బస్సు చార్జీ, జిరాక్సులు, 'సారు లేడు రేపు రా' అన్నప్పుడు మరో రోజు. పత్తి ఏరే కాలంలో ఆ కుటుంబం ఏ మెట్టు దగ్గర ఆగిపోతుందో ఊహించడం కష్టం కాదు.

ఈ దారిని సులువు చేస్తే దొంగ కాగితాలు పుడతాయనే భయం కూడా నిజమైనదే. 2023లో హైదరాబాద్ మహానగరపాలక సంస్థ సరైన ఆధారం లేకుండా మీసేవ ద్వారా ఇచ్చిన జనన, మరణ ధ్రువపత్రాలను వేల సంఖ్యలో రద్దు చేయాల్సి వచ్చింది. ఆర్డీఓ ఉత్తర్వు జతచేయాల్సిన చోట ఏ కాగితమో ఎక్కించి తెచ్చుకున్నవే అందులో ఎక్కువ. నేను దాని నుంచి తీసుకునే పాఠం మాత్రం వేరు. డబ్బున్నవాడు అడ్డదారిన ఒక్క రోజులో కాగితం తెచ్చుకున్నాడు, నిజంగా పుట్టిన పిల్ల తల్లి నేరుదారిన నెలలు తిరిగింది. కట్టుదిట్టం చేయాల్సింది దళారి ఉన్నచోట, పేదరాలి ముందు కాదు.

2023 సవరణలో ఇందుకు ఒక మంచి తలుపు ఉంది, దాన్ని ఎవరూ గట్టిగా తట్టడం లేదు. ఏడాది దాటిన నమోదుకు జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుతో పాటు, జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు కూడా ఉత్తర్వు ఇవ్వవచ్చు. మన తహసీల్దార్లు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లే. వనపర్తి కలెక్టరు ఒక ఉత్తర్వు ఇస్తే ఆత్మకూర్, అమరచింత, మదనాపురం జనం ఆర్డీఓ ఆఫీసు దాకా పోనక్కర్లేదు. విచారణ చేసేదీ తహసీల్దారే, తేల్చేదీ తహసీల్దారే. ముప్పై రోజుల నుంచి ఏడాది మధ్య నమోదుకు నోటరీ అఫిడవిట్ అక్కర్లేదని, సొంత సంతకం పెట్టిన పత్రం చాలని కూడా అదే సవరణ చెప్పింది. రిజిస్ట్రారు కాదంటే పై అధికారికి అప్పీలు చేసుకునే హక్కూ ఇచ్చింది. ఈ మూడు విషయాలు తెలియక ఎందరో ఇప్పటికీ నోటరీ బల్ల ముందు నిలబడుతున్నారు.

బయటి ప్రపంచం నుంచి రెండు ఉదాహరణలు చాలు. బ్రెజిల్‌లో 2000 తర్వాతి తొలి ఏళ్లలో పుట్టిన బిడ్డల్లో దాదాపు ఐదింట ఒకరికి మొదటి ఏడాదిలో నమోదు లేదు. ఉచితం చేసి, ప్రసూతి ఆసుపత్రుల్లోనే నమోదు బల్లలు పెట్టి, పేద కుటుంబాల నగదు పథకానికి ముడిపెట్టాక ఆ సంఖ్య బాగా పడిపోయింది. బంగ్లాదేశ్ 2004లో కొత్త చట్టం చేసి టీకాల కార్యక్రమంతో నమోదును కలిపింది. టీకాలు వేసే మనిషి ఎలాగూ ప్రతి ఇంటికీ పోతుంది కాబట్టి. ఇంత జరిగినా యునిసెఫ్ 2024 లెక్క ప్రకారం ప్రపంచంలో ఐదేళ్లలోపు పిల్లలు 15 కోట్ల మందికి పుట్టుక నమోదు లేదు. మరో 5 కోట్ల మందికి పైగా నమోదైనా చేతిలో కాగితం లేదు.

మనకు ఈ రెండో రకం సమస్య కూడా పెద్దదే. ఆసుపత్రిలో పుట్టినప్పుడు మొదటి నంబరు ఫారంలో శిశువు పేరు గడి ఖాళీగా పోతుంది, ఎందుకంటే మనం మూడో రోజే పేరు పెట్టం. ధ్రువపత్రం పేరు లేకుండానే వస్తుంది. పన్నెండు నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత ఆలస్య రుసుముతో పదిహేనేళ్ల దాకా అవకాశం ఉంది. ఈ సంగతి డిశ్చార్జి చీటీ మీద ఒక వాక్యంగా అచ్చేస్తే ఎన్నో తిరుగుళ్లు తప్పుతాయి. తల్లి డిశ్చార్జి కాకముందే ధ్రువపత్రం చేతికివ్వాలని రిజిస్ట్రార్ జనరల్ 2025 జూన్‌లో రాష్ట్రాలకు లేఖ రాశారు. మంచి ఆదేశం. దాని అమలు ఎలా ఉందో వనపర్తి జిల్లా ఆసుపత్రి, ఆత్మకూర్ దవాఖానా, ప్రైవేటు నర్సింగ్‌హోములు ప్రతి నెలా బోర్డు మీద రాసిపెట్టాలి. ఎన్ని కాన్పులు, ఎన్ని ధ్రువపత్రాలు, ఎన్నిట్లో పేరుంది. ఈ అంకెలు పక్కపక్కన ఉంటే తేడా అందరికీ కనిపిస్తుంది.

ఇంటి పేర్లు, అక్షరాల తేడాలు కూడా ఇక్కడే సరిచూసుకోవాలి. బానోతు, బాణోతు, బానోత్ అని ఒకే కుటుంబంలో మూడు రకాలుగా ఉంటే, రేపు పదో తరగతి హాల్ టికెట్టు దగ్గర గొడవ. నమోదు చేసేవాడు తల్లిదండ్రుల ఆధార్ చూసి రాసి, వాళ్లకు చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకోవాలి.

వలస కుటుంబాల కోసం ప్రత్యేకంగా ఒక మాట. కార్తీక మాసంలో కురుమూర్తి జాతరకు ముంబై, పుణే, హైదరాబాద్‌ల నుంచి మనవాళ్లు ఊళ్లకు తిరిగొస్తారు. స్వామి ఆభరణాలు ఆత్మకూర్ నుంచే ఊరేగింపుగా పోతాయి. లక్షల జనం చేరే ఆ చోట పోలీసు, వైద్యం, తాగునీళ్ల శిబిరాలు ఎలాగూ పెడతారు. వాటి పక్కన జనన నమోదు శిబిరం ఒకటి పెట్టి, బయటి రాష్ట్రాల్లో పుట్టిన పిల్లల వివరాలు రాసుకుని, ఆయా నగరాల రిజిస్ట్రార్లకు మన జిల్లా అధికారే పంపే ఏర్పాటు చేయాలి. జనన నమోదుకు ఇప్పుడు జాతీయ స్థాయి డేటాబేసు ఉంది, 2024 అక్టోబరులో మొబైల్ యాప్ కూడా వచ్చింది. భివండీ కార్పొరేషన్‌తో మాట్లాడాల్సింది కలెక్టరేటు, కూలికి పోయే తల్లి కాదు.

ఒక విషయంలో కొత్త చట్టంతో నాకు గట్టి విభేదం ఉంది. పుట్టుక కాగితం ఒక్కటే రుజువు అనడం, తల్లిదండ్రులూ ఆఫీసులూ చేసిన తప్పుకు బిడ్డను శిక్షించే దాకా పోకూడదు. విద్యాహక్కు చట్టం 14వ సెక్షను వయసు రుజువు లేదని ఏ పిల్లకూ ప్రవేశం నిరాకరించరాదని ఇప్పటికీ చెబుతోంది. ఆ సెక్షను రద్దు కాలేదు. రెండు చట్టాల మధ్య హెడ్‌మాస్టరు ఏది పాటించాలో విద్యాశాఖ రాతపూర్వకంగా చెప్పాలి. ముందు చేర్చుకోవాలి, కాగితం తెప్పించే బాధ్యత బడి, పంచాయతీ కలిసి తీసుకోవాలి. బాల్యవివాహాన్ని ఆపాలన్నా ఈ కాగితమే కావాలి. 2019-21 సర్వేలో రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో నూటికి 23 మందికి పైగా పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. కల్యాణలక్ష్మి సాయానికి పద్దెనిమిదేళ్లు నిండాలన్న షరతు మంచిదే, ఆ వయసును తేల్చే కాగితం పుట్టినప్పుడే సరిగ్గా రాస్తేనే.

2023 అక్టోబరులో పుట్టిన మొదటి పిల్లలు 2026 అక్టోబరులో మూడేళ్లు నిండి అంగన్‌వాడీ వయసుకు వస్తారు, 2029 వేసవి సెలవుల తర్వాత ఒకటో తరగతి తలుపు దగ్గర ఉంటారు. అప్పటికి మిగిలిన గడువు పెద్దది కాదు, కానీ చాలు. చదువుతున్న మీ ఇంట్లోనో, మీ చేను పక్క గుడిసెలోనో, మీ సైటు మీద షెడ్డులోనో ఆ వయసు పిల్ల ఉంటే ఇవాళే అడగండి: కాగితం ఉందా, అందులో పేరుందా, తల్లిపేరు, ఊరు సరిగ్గా ఉన్నాయా. లేకపోతే ఇంకా ఆలస్యం కాకముందే ఆ తల్లి వెంట పంచాయతీ ఆఫీసు దాకా నడవండి.